‘వదిలారు’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో మూడు రూపాలు: ప్యాసివ్ వాయిస్ సాధన గురించి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇప్పుడు పోటీ పరీక్షలకు తయారవుతున్నాను. ప్యాసివ్ వాయిస్ పట్టిక మొత్తం కంఠస్థం చేశాను. ఒక్కో టెన్స్‌కు విడిగా అభ్యాసం ఇస్తే పదికి తొమ్మిది సరిగ్గా చేస్తాను, అన్ని టెన్సులూ కలిపి ఇస్తే సగం తప్పుతున్నాయి. ‘మా ఊరికి రోడ్డు వేస్తున్నారు’ అన్న వాక్యానికి ‘రోడ్ ఈజ్ లేయింగ్ టు అవర్ విలేజ్’ అని రాస్తే కోచింగ్‌లో తప్పు కొట్టారు కానీ ఎందుకు తప్పో చెప్పలేదు. ఎలా సాధన చేయాలి సార్? పదో తరగతి చదివే మా తమ్ముడికి కూడా నేనే చెప్పాలి.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోనే సమస్య ఎక్కడుందో కనిపిస్తున్నది. అభ్యాసం పైన ‘ప్రెజెంట్ కంటిన్యువస్’ అని అచ్చు వేసి ఉన్నప్పుడు ఏ టెన్స్ వాడాలన్న నిర్ణయాన్ని ఆ పుస్తకమే మీకు బదులుగా చేసి పెడుతుంది, మీరు చేయవలసిందల్లా ‘ఈజ్ బీయింగ్’ పక్కన వెర్బ్ మూడో రూపాన్ని చేర్చడమే. కలిపి ఇచ్చినప్పుడు ఆ నిర్ణయం మీ మీద పడుతుంది. మీరు ఇంతకాలం సాధన చేసింది రూపాలను, సాధన చేయనిది నిర్ణయాన్ని. పట్టికను ఇంకో వందసార్లు వల్లించినా ఈ లోటు తీరదు. నల్లగొండ జిల్లా పల్లెబడుల్లో ఇంగ్లీషు పాఠం చెప్పిన ఏళ్ళలో పట్టికను తడుముకోకుండా అప్పజెప్పి, సొంతంగా ఒక వాక్యం రాయమంటే ఆగిపోయిన పిల్లలను ఎందరినో చూశాను, వారికి తెలివి తక్కువై కాదు, మేము సాధన మొదలుపెట్టించిన చోటు సరైనది కాకపోవడం వల్ల.

పుస్తకాలు ఇంగ్లీషు యాక్టివ్ వాక్యం దగ్గర మొదలుపెడతాయి. మన ఆలోచన తెలుగులో మొదలవుతుంది. అందుచేత ముందుగా తెలుగులో మనం చేసినవాడి పేరు చెప్పకుండా ఎలా మాట్లాడతామో గమనించండి. ‘కాలువకు నీళ్ళు వదిలారు’, ‘బోరు వేశారు’, ‘ఫలితాలు ప్రకటించారు’, ‘మా ఊళ్ళో కరెంటు తీశారు’ అంటాము. వదిలింది ఎవరు, వేసింది ఎవరు, తీసింది ఎవరు అన్నది ఎవరూ అడగరు, చెప్పవలసిన అవసరమూ లేదు. చివరనున్న ‘ఆరు’ ఎవరినీ చూపించదు. సరిగ్గా ఇలాంటి చోటనే ఇంగ్లీషు ప్యాసివ్ వాయిస్‌ను వాడుతుంది. ‘రాముని చేత రావణుడు చంపబడెను’ అన్న వాక్యంతో బడిలో కర్మణి ప్రయోగం నేర్చుకున్నాము కనుక ‘బడు’ ఉంటేనే ప్యాసివ్ అనుకుంటాము, కానీ ఇళ్ళలో, పొలాల్లో మాట్లాడే తెలుగులో ‘బడు’ దాదాపు వినబడదు. వినబడకపోయినా ఆ భావం మీ నోట రోజూ పలుకుతూనే ఉంది.

‘బడు’ మనకు కనిపించే చోటు ఒకటున్నది, దాని గురించి ఒక మాట చెప్పాలి. నల్లగొండ గడియారం సెంటరు నుంచి ఏ బజారులో నడిచినా ‘ఇచ్చట మోటార్లు రిపేరు చేయబడును’, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డులు కనిపిస్తాయి. ‘చేయబడును’ అన్న రూపం చూసి చాలామంది ‘మోటార్స్ విల్ బీ రిపేర్డ్ హియర్’ అని రాస్తారు. తెలుగు వ్యాకరణం దీనిని తద్ధర్మార్థకం అంటుంది, అంటే ఎప్పుడూ జరుగుతుండే పనిని చెప్పేది. ఇంగ్లీషులో అది సింపుల్ ప్రెజెంట్: ‘మోటార్స్ ఆర్ రిపేర్డ్ హియర్.’ బజారుకు వెళ్ళినప్పుడల్లా ఇలాంటి బోర్డులు నాలుగింటిని మనసులో ఇంగ్లీషులోకి మార్చుకుంటే, ప్రెజెంట్ టెన్స్ ప్యాసివ్‌కు అంతకన్నా మంచి అభ్యాసం ఉండదు.

ఇక అసలు చిక్కు. తెలుగు క్రియ ఒక్క రూపంతో చెప్పేదాన్ని ఇంగ్లీషు రెండు మూడు టెన్సులుగా విడగొడుతుంది. ‘వదులుతారు’ అన్న మాటను తీసుకోండి. ‘ఏటా వానాకాలంలో నీళ్ళు వదులుతారు’ అన్నా, ‘రేపు నీళ్ళు వదులుతారు’ అన్నా మనకు క్రియ ఒక్కటే, కానీ ఇంగ్లీషులో మొదటిది ‘ఈజ్ రిలీజ్డ్’, రెండోది ‘విల్ బీ రిలీజ్డ్’. ‘వదులుతున్నారు’ అన్నది ఇప్పుడు కళ్ళముందు జరుగుతున్న పనికీ వస్తుంది, ‘ఈ మధ్య నెలకొకసారి వదులుతున్నారు’ అన్న అలవాటుకూ వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు పుట్టేది ‘వదిలారు’ దగ్గర. ‘నిన్న వదిలారు’ అంటే ‘వాజ్ రిలీజ్డ్’. ‘నీళ్ళు వదిలారు, ఇక నారు పోసుకుందాం’ అంటే, ఎప్పుడు వదిలారన్నది ముఖ్యం కాదు, ఇప్పుడు కాలువలో నీళ్ళున్నాయన్నది ముఖ్యం కనుక ‘హ్యాజ్ బీన్ రిలీజ్డ్’. ‘మేము పోయేసరికే వదిలారు’ అంటే జరిగిపోయిన రెండు పనులలో ముందుది కనుక ‘హ్యాడ్ బీన్ రిలీజ్డ్’. మీ సగం తప్పులు ఈ మూడింటి మధ్యనే ఉంటాయని నేను గట్టిగా నమ్ముతున్నాను, మీ పాత నోట్‌బుక్ తీసి చూసుకోండి.

కనుక తెలుగు క్రియ చివరను చూసి టెన్స్ నిర్ణయించకండి. వాక్యంలో కాలాన్ని చెప్పే మాటను వెతకండి, అది లేకపోతే ‘ఈ మాట ఇప్పుడు ఎందుకు చెబుతున్నారు’ అని అడగండి. నాగార్జునసాగర్ మీకు దగ్గరే కనుక, ఒక్క క్రియను తీసుకుని ఎనిమిది టెన్సులలో నడిపిద్దాము. ఏటా జరిగేది: ‘వాటర్ ఈజ్ రిలీజ్డ్ ఎవ్రీ ఇయర్.’ తేదీ ఉన్నది, అయిపోయినది: సాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్ళు వదిలారు కనుక ‘వాటర్ వాజ్ రిలీజ్డ్ ఇంటు ది కెనాల్స్ ఆన్ ఆగస్టు 4, 1967.’ గట్టు మీద నిలబడి ఫోనులో చెబుతున్నది: ‘వాటర్ ఈజ్ బీయింగ్ రిలీజ్డ్ నౌ.’ మనం చేరుకున్న క్షణంలో సగంలో ఉన్న పని: ‘వాటర్ వాజ్ బీయింగ్ రిలీజ్డ్ వెన్ వీ రీచ్డ్ ది కెనాల్.’ ఫలితం ఇప్పుడు ఉన్నది: ‘వాటర్ హ్యాజ్ బీన్ రిలీజ్డ్.’ మరో గతం కన్నా ముందు గతం: ‘వాటర్ హ్యాడ్ బీన్ రిలీజ్డ్ బిఫోర్ వీ రీచ్డ్ ది కెనాల్.’ రేపటిది: ‘వాటర్ విల్ బీ రిలీజ్డ్ టుమారో.’ దసరా నాటికి పూర్తయి ఉండేది: ‘వాటర్ విల్ హ్యావ్ బీన్ రిలీజ్డ్ బై దసరా.’ మిగిలిన నాలుగు టెన్సులకు, అంటే మూడు పర్ఫెక్ట్ కంటిన్యువస్‌లకూ ఫ్యూచర్ కంటిన్యువస్‌కూ, వాడుకలో ప్యాసివ్ లేదనే చెప్పవచ్చు, వాటి కోసం సమయం ఖర్చు పెట్టకండి. ‘వదలాలి’ అంటే ‘షుడ్ బీ రిలీజ్డ్’, ‘వదలవచ్చు’ అంటే ‘మే బీ రిలీజ్డ్’, ‘వదిలి ఉండవచ్చు’ అంటే ‘మే హ్యావ్ బీన్ రిలీజ్డ్’. ఎనిమిది టెన్సులు కుదిరాక ఇవి వాటంతట అవే వస్తాయి.

ఈ ఎనిమిదింటిలోనూ చివరి మాట ‘రిలీజ్డ్’ మారలేదు, ముందున్న ‘బీ’ మాత్రమే వేషాలు మార్చింది. ప్యాసివ్‌లో టెన్స్ మొత్తం ‘బీ’ భుజాల మీదనే ఉంటుంది. ‘బీయింగ్’కూ ‘బీన్’కూ మధ్య తడబాటు వస్తే ముందు మాటను చూడండి: ‘ఈజ్, ఆర్, వాజ్, వర్’ తరువాత వచ్చేది ‘బీయింగ్’, ‘హ్యాజ్, హ్యావ్, హ్యాడ్’ తరువాత వచ్చేది ‘బీన్’. ఈ నియమానికి ప్యాసివ్‌లో మినహాయింపు లేదు.

ఇప్పుడు మీ రోడ్డు వాక్యానికి వస్తాను. ‘రోడ్ ఈజ్ లేయింగ్’ అంటే రోడ్డే దేన్నో పరుస్తున్నదన్న అర్థం వస్తుంది, ఎందుకంటే ‘ఈజ్’ పక్కన ‘ఇంగ్’ రూపం ఒక్కటే ఉంటే కర్త స్థానంలో ఉన్నదే ఆ పని చేస్తున్నట్టు. రోడ్డు పని చేయదు, రోడ్డు మీద పని జరుగుతున్నది, కనుక ‘బీయింగ్’ తప్పనిసరి: ‘ఎ రోడ్ ఈజ్ బీయింగ్ లెయిడ్ టు అవర్ విలేజ్.’ మీరు చేసిన తప్పు వెనుక ఒక చరిత్ర ఉన్నది, అది తెలిస్తే మీకు ధైర్యం కలుగుతుందని చెబుతున్నాను. ‘ఈజ్ బీయింగ్’తో కూడిన ఈ రూపం ఇంగ్లీషులో 18వ శతాబ్దం చివరి భాగంలోనే వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు ఇల్లు కడుతున్నారని చెప్పడానికి వాళ్ళు ‘ది హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనే అనేవారు, కొత్త రూపం వచ్చాక కూడా 19వ శతాబ్దంలో కొందరు వ్యాకరణవేత్తలు దాన్ని అందవిహీనమని నిరసించారు. ఇంగ్లీషు వాళ్ళకే అంత ఆలస్యంగా కుదిరిన రూపం మీకు వారం ఆలస్యంగా కుదిరితే బెంగపడవలసిన పని లేదు.

ఇంకొక పెద్ద తప్పు మన ప్రాంతంలో చదువుకున్నవారి నోట కూడా వింటుంటాను: ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్.’ ‘హ్యాపెన్’ అకర్మక క్రియ, దానికి కర్మ ఉండదు, కర్మ లేని క్రియకు కర్మణి ప్రయోగం ఉండదు. ఇక్కడ తెలుగు మీకు చక్కగా ఉపయోగపడుతుంది. అనుమానం వచ్చిన క్రియకు తెలుగులో ‘బడు’ చేర్చి చూడండి. ‘వ్రాయబడింది’, ‘కట్టబడింది’ అంటే కృతకంగా ఉన్నా అర్థమవుతాయి. ‘జరగబడింది’, ‘చనిపోబడ్డాడు’, ‘రాబడింది’ అన్నవి తెలుగు చెవికి మాటలే కావు. అలా వినిపించిన చోట ఇంగ్లీషులోనూ ‘హ్యాపెన్డ్’, ‘డైడ్’, ‘కేమ్’ అని నేరుగా రాయండి. ఈ పరీక్షకు లొంగనివి కొన్ని ఉన్నాయి. ‘పుట్టాడు’ అన్నదానికి ఇంగ్లీషు ‘వాజ్ బార్న్’ అని ప్యాసివ్ రూపమే వాడుతుంది, ‘హ్యావ్’, ‘రిజెంబుల్’ వంటివి కర్మను తీసుకుని కూడా ప్యాసివ్‌లోకి రావు. వీటిని విడిగా ఒక పేజీలో రాసుకోండి.

మూడో రూపాలను అక్షర క్రమంలో వల్లించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. మీరు రోజూ చదివే విషయాలలో ఏ క్రియలు వస్తున్నాయో వాటిని వాక్యంతో సహా నేర్చుకోండి. సాగర్‌కు 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు: ‘ది ఫౌండేషన్ స్టోన్ వాజ్ లెయిడ్ బై జవహర్‌లాల్ నెహ్రూ.’ రోడ్డుకు వాడిన ‘లెయిడ్’ ఇక్కడ మళ్ళీ వచ్చింది, ఇక మరిచిపోరు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాన్ని 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయాన్ని 2008లో స్థాపించారు: ‘ది యూనివర్సిటీ వాజ్ ఫౌండెడ్.’ దీన్ని ‘వాజ్ ఫౌండ్’ అని రాస్తే విశ్వవిద్యాలయం ఎక్కడో దొరికిందని అర్థం మారిపోతుంది, ఎందుకంటే ‘ఫైండ్’ క్రియకు మూడో రూపం ‘ఫౌండ్’, ‘స్థాపించు’ అన్న అర్థమున్న ‘ఫౌండ్’కు మూడో రూపం ‘ఫౌండెడ్’. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ జిల్లాను నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విభజించారు: ‘వాజ్ డివైడెడ్ ఇంటు త్రీ డిస్ట్రిక్ట్స్.’ ఇవన్నీ మీ పరీక్షకు జనరల్ నాలెడ్జ్‌గానూ పనికివచ్చేవే కనుక ఒక శ్రమకు రెండు ఫలితాలు దక్కుతాయి.

‘బై’ గురించి కూడా ఇక్కడే చెబుతాను. నెహ్రూ పేరు వాక్యంలో తెలియవలసిన విషయం కనుక ‘బై’ పెట్టాము. ‘సమ్‌బడీ’, ‘పీపుల్’, ‘దే’ వంటి మాటలు యాక్టివ్ వాక్యంలో కర్తగా ఉంటే ప్యాసివ్‌లో వాటిని వదిలివేయడమే మంచిది. ‘సమ్‌బడీ హ్యాజ్ స్టోలెన్ మై సైకిల్’ అన్నది ‘మై సైకిల్ హ్యాజ్ బీన్ స్టోలెన్’ అవుతుంది, అంతే. పరీక్షలో యాక్టివ్ నుంచి మార్చమన్నప్పుడు చూసుకోవలసినవి మరి రెండున్నాయి. కర్మ ముందుకు వచ్చాక దాని వచనాన్ని బట్టి ‘ఈజ్’, ‘ఆర్’ మారాలి, పాత కర్తను బట్టి కాదు: ‘షీ ఈజ్ టీచింగ్ లెసన్స్’ అన్నది ‘లెసన్స్ ఆర్ బీయింగ్ టాట్ బై హర్’ అవుతుంది. క్రియకు అంటుకుని ఉన్న చిన్న మాటను పారేయకూడదు: ‘ది చైల్డ్ ఈజ్ లుక్డ్ ఆఫ్టర్ బై హర్ గ్రాండ్‌మదర్’ అన్నచోట ‘ఆఫ్టర్’ లేకపోతే వాక్యం కుంటుపడుతుంది.

సాధన ఎలా చేయాలని అడిగారు. పాత పెళ్ళిపత్రికలను కత్తిరించి చిన్న అట్టముక్కలు చేసుకోండి. ఒక వైపు తెలుగు వాక్యం, వెనుక వైపు దాని ఇంగ్లీషు. తెలుగు వాక్యంలో ‘బడు’ ఉండకూడదు, మీ ఇంట్లో మాట్లాడే వాక్యమే ఉండాలి: ‘నిన్న మా బర్రెకు సూది వేశారు’, ‘కల్లంలో వడ్లు ఇంకా తూకం వేయలేదు’, ‘మా బడికి సున్నం వేస్తున్నారు’, ‘బస్సు రద్దు చేశారట’. రోజుకు ఐదు కొత్తవి చాలు. మొదటి వారమంతా ఒకే క్రియను ఎనిమిది టెన్సులలో తిప్పవచ్చు, రెండో వారం నుంచి మాత్రం అన్నిటినీ పేకముక్కల్లా కలిపే వాడాలి. కలిపి చేసినప్పుడు తప్పులు పెరుగుతాయి, మనసు వెనక్కి లాగుతుంది, విడివిడిగా చేసుకుంటేనే బాగుందనిపిస్తుంది. ఆ సుఖానికి లొంగకండి, మీకు కావలసిన పని ఆ కష్టంలోనే జరుగుతున్నది. జవాబు చెప్పే ముందు టెన్స్ పేరు కాకుండా కారణం పైకి చెప్పండి: ‘నిన్న అని ఉంది, కనుక వాజ్’ అని. మీ తమ్ముడు ముక్క తీసి తెలుగు చదవాలి, మీరు కారణంతో సహా ఇంగ్లీషు చెప్పాలి, తరువాత తారుమారు కావాలి. అతనికి పాఠం చెప్పడానికి వేరే సమయం అక్కరలేదు. తప్పిన ముక్కలను పక్కన పెట్టి మరునాడు మొదట వాటినే తీయండి.

దేవరకొండలో గ్రంథాలయానికి వెళ్ళే వీలుంటే ఇంగ్లీషు దినపత్రిక శీర్షికలతో మరో అభ్యాసం చేయవచ్చు. శీర్షికలలో స్థలం కోసం ‘బీ’ని తీసివేస్తారు. ‘క్రెస్ట్ గేట్స్ లిఫ్టెడ్’ అని ఉంటే, తీసివేసిన మాటను మీరు తిరిగి పెట్టాలి: ‘హ్యావ్ బీన్ లిఫ్టెడ్’. ‘బ్రిడ్జ్ టు బీ బిల్ట్’ అని ఉంటే ‘విల్ బీ బిల్ట్’. తరువాత లోపలి వార్త చదివితే విలేకరి ఏ టెన్స్ వాడాడో అక్కడే దొరుకుతుంది, మీ జవాబును మీరే దిద్దుకోవచ్చు.

విడి వాక్యాలు కుదిరాక పేరాలు రాయాలి. మన జిల్లా పేరుతోనే లోకమంతటికీ తెలిసిన ఒక పద్ధతి ఉన్నది, ప్యాసివ్ సాధనకు దానికన్నా తగిన అంశం నాకు తోచదు. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన విధానానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలుపుతారు, మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పుతారు, ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుగుకు చేరాక పై నీటిని వేరు చేస్తారు. ఎవరు కలిపారన్నది ఇక్కడ అప్రస్తుతం, పని వరుస ముఖ్యం, అందుకే శాస్త్రం రాసేవారు ప్యాసివ్‌ను ఎంచుకుంటారు: ‘లైమ్ అండ్ ఆలమ్ ఆర్ యాడెడ్, ది వాటర్ ఈజ్ స్టర్డ్, ది స్లడ్జ్ ఈజ్ అలౌడ్ టు సెటిల్.’ ఈ పేరాను మొదట ఇలాగే సింపుల్ ప్రెజెంట్‌లో రాయండి. మరునాడు, నిన్న మీ బడిలో ప్రయోగం చేసి చూపించారనుకుని ‘వాజ్, వర్’లతో రాయండి. మూడో నాడు, ప్రయోగం మీ కళ్ళముందు జరుగుతున్నట్టు, పటిక ఇప్పటికే వేసి నీళ్ళు ఇంకా తిప్పుతున్నట్టు రాయండి, అప్పుడు ‘హ్యాజ్ బీన్ యాడెడ్’, ‘ఈజ్ బీయింగ్ స్టర్డ్’ ఒకే పేరాలో పక్కపక్కన వస్తాయి. నిర్ణయం అంటే ఇదే.

‘హ్యాడ్ బీన్’ మీకు ఆఖరున లొంగుతుంది. దానికి నాగార్జునకొండను గుర్తు పెట్టుకోండి. జలాశయం నిండితే లోయ మునుగుతుందని తెలిసి ముందుగానే తవ్వకాలు జరిపి, అక్కడి కట్టడాలలో ముఖ్యమైనవాటిని కొండ మీదికి తరలించి తిరిగి నిలబెట్టారు. ‘ది వ్యాలీ వాజ్ సబ్‌మర్జ్‌డ్, బట్ ది మాన్యుమెంట్స్ హ్యాడ్ ఆల్రెడీ బీన్ మూవ్డ్.’ మునగడం గతం, తరలించడం దానికన్నా ముందు గతం. రెండో పని వాక్యంలో లేకుండా ‘హ్యాడ్ బీన్’ను ఒంటరిగా వాడాలనిపించినప్పుడల్లా ‘దేనికన్నా ముందు’ అని ప్రశ్నించుకోండి, జవాబు దొరకకపోతే ‘వాజ్’ రాయండి.

చివరగా వ్యతిరేక వాక్యాలు, వీటిని పుస్తకాలు పూర్తిగా నిర్లక్ష్యం చేస్తాయి. ‘ప్రకటించలేదు’ అన్న ఒక్క మాట కూడా రెండు దారులలో వెళుతుంది. ‘నిన్న ఫలితాలు ప్రకటించలేదు’ అంటే ‘ది రిజల్ట్స్ వర్ నాట్ డిక్లేర్డ్ యెస్టర్‌డే’. ‘ఇంకా ప్రకటించలేదు’ అంటే, ‘ఇంకా’ అన్న మాట ఇప్పటిదాకా ఎదురుచూపు ఉన్నదని చెబుతున్నది కనుక ‘ది రిజల్ట్స్ హ్యావ్ నాట్ బీన్ డిక్లేర్డ్ యెట్’. పైన ఇచ్చిన ‘వడ్లు ఇంకా తూకం వేయలేదు’ అన్న వాక్యాన్ని ఇదే పద్ధతిలో మీరూ మీ తమ్ముడూ విడివిడిగా రాసి, తరువాత ఒకరిది ఒకరు చూసుకోండి. ఇద్దరి కాగితాల మీదా ‘హ్యాజ్ నాట్ బీన్ వెయిడ్ యెట్’ అని ఉంటే మరునాడు అట్టముక్కలు మొదలుపెట్టవచ్చు.